సీల్ తీయని గేమ్‌లో కళ ఎక్కడుంది?

2021 జులైలో సూపర్ మారియో 64 అనే వీడియో గేమ్ కాపీ ఒకటి వేలంలో 15.6 లక్షల డాలర్లు పలికింది. నెల తిరక్కముందే సూపర్ మారియో బ్రదర్స్ కాపీ ఒకటి 20 లక్షల డాలర్లకు అమ్ముడైంది. రెండూ సీల్ తీయనివే. కండిషన్‌కి గ్రేడ్ ఇచ్చి, ప్లాస్టిక్ పెట్టెలో బిగించినవి. అప్పుడు మన ఫ్యాన్స్‌లో చాలామంది సంబరపడ్డారు. గేమ్స్ కూడా కళేనని ప్రపంచం ఒప్పుకుందన్నారు. నాకు మాత్రం బాధేసింది, ఇప్పటికీ వేస్తోంది. ఆడాలంటే సీల్ తీయాలి. సీల్ తీస్తే ఆ ధర రాదు. అంటే ఆ రెండు కాపీల్నీ ఇక ఎవరూ ఆడరు.

నేనూ పాత గేమ్స్ సేకరించేవాణ్నే. డబ్బా, మాన్యువల్, మ్యాప్ అన్నీ ఉన్న కాపీ దొరికిన రోజు నాకు నిద్ర పట్టదు. కాబట్టి సేకరించడం తప్పని అనడం లేదు. ఆడకుండా దాచడానికే కొని, దాన్ని కళకు చేస్తున్న సేవ అనుకోవడమే నేను ఒప్పుకోలేను.

అసలు గేమ్‌లో కళ ఎక్కడుందో మనమే సరిగ్గా చెప్పుకోలేదు. 2010లో సినిమా విమర్శకుడు రోజర్ ఈబర్ట్ వీడియో గేమ్స్ ఎప్పటికీ కళ కాలేవని రాశారు. ఫ్యాన్స్ మండిపడ్డారు. తగినంతగా ఆడి చూడకుండా ఆ మాట అనాల్సింది కాదని ఆయనే కొన్ని నెలలకు రాశారు, అభిప్రాయం మాత్రం మార్చుకోలేదు. ఇలాంటి వాదన వచ్చినప్పుడల్లా మనం చూపించేవి ఏమిటి? గ్రాఫిక్స్ పెయింటింగ్‌లా ఉన్నాయి, కథ ఏడిపించింది, సంగీతం గొప్పగా ఉంది. నిజమే, కానీ ఇవన్నీ చిత్రకళ నుంచీ, సినిమా నుంచీ, సంగీతం నుంచీ వచ్చిన గొప్పలు. గేమ్‌కి సొంతమైనది వేరే ఉంది.

1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్ చూడండి. తోమోహిరో నిషికాదో దాన్ని తయారుచేసినప్పుడు, తెర మీద ఏలియన్స్ అన్నీ ఉంటే ఆ ప్రాసెసర్ వాటిని మెల్లగానే కదిలించగలిగేది. మనం ఒక్కొక్కదాన్నీ కాలుస్తుంటే పని తగ్గి, మిగిలినవి వేగం అందుకునేవి. ఆయన దాన్ని సరిచేయకుండా అలాగే ఉంచారు. గెలుపు దగ్గరపడేకొద్దీ భయం పెరిగే ఆట అలా పుట్టింది. చివరి ఏలియన్ ఒక్కటే అటూ ఇటూ పరుగెడుతుంటే వేళ్లు బిగుసుకుపోతాయి. అక్కడ కథ లేదు, మాట లేదు, గొప్ప బొమ్మ కూడా లేదు. ఆ టెన్షన్ చేతుల్లోంచి పుట్టింది. నాకు కళ అంటే అదే.

సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కిలోబైట్లు. చోటు చాలక మేఘానికీ పొదకీ ఒకే బొమ్మ వాడి రంగు మార్చారు. అయినా మొదటి నిమిషంలోనే, ఒక్క ముక్క రాసి చూపించకుండా, ఎలా గెంతాలో మనకు నేర్పేస్తుంది. షాడో ఆఫ్ ది కొలోసస్ అనే గేమ్‌లో ఒక భారీ జీవి ఒంటిని పట్టుకుని వేలాడాలంటే బటన్ వదలకుండా నొక్కి ఉంచాలి. అది కూలిపోయాక కలిగే దిగులు చూసినందుకు కలిగింది కాదు, మన చేత్తో చేసినందుకు కలిగింది.

2012లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ప్యాక్‌మ్యాన్, టెట్రిస్ సహా 14 గేమ్స్‌ని తన సేకరణలో చేర్చుకుంది. వాళ్లు ముఖ్యంగా చూసింది ఆటగాడికీ గేమ్‌కీ మధ్య జరిగేదాన్ని. నాకు ఆ మ్యూజియం ముద్ర కన్నా, వాళ్లు చూసిన చోటు సరైనది కావడమే ఎక్కువ సంతోషం.

ఇటుపక్క పాత గేమ్స్ మాయమైపోతున్నాయి. అమెరికాలో 2010కి ముందు విడుదలైన గేమ్స్‌లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో మామూలుగా కొనడానికి దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. అదే ఏడాది మార్చిలో నింటెండో గేమ్ మెషిన్లైన త్రీడీఎస్, వీ యూల ఆన్‌లైన్ స్టోర్లలో అమ్మకాలు ఆగిపోయాయి. గేమ్ ఉండే పాత ప్లాస్టిక్ కార్ట్రిడ్జుల్లో చాలావాటికి సేవ్‌ని, అంటే మనం ఆట ఎక్కడిదాకా ఆడామన్న గుర్తుని, నిలిపి ఉంచేది లోపలున్న చిన్న బ్యాటరీ. అది అయిపోతే సేవ్ పోతుంది. నా చిన్నప్పటి కార్ట్రిడ్జ్‌లో వందకు పైగా గంటల ఆట అలాగే పోయింది. మా అన్నయ్యా నేనూ వంతులేసుకుని ఆడిన ఆట అది. ఒకరోజు ఆన్ చేస్తే 'న్యూ గేమ్' తప్ప ఏమీ లేదు. చాలాసేపు ఆ తెరనే చూస్తూ ఉండిపోయాను.

అందుకే గేమ్స్‌ని కళగా కాపాడుతున్నది ఎవరంటే నేను బ్యాటరీ మార్చేవాళ్లనీ, కారిన కెపాసిటర్లు తీసి కొత్తవి సోల్డర్ చేసేవాళ్లనీ, పాత గేమ్స్‌ని కంప్యూటర్‌లో ఆడించే ఎమ్యులేటర్లు రాసేవాళ్లనీ చూపిస్తాను. వాళ్ల పేర్లు ఏ వేలంలోనూ వినపడవు. పాత టీవీని పారేయకుండా ఉంచుకున్నవాళ్లు కూడా ఇందులోకే వస్తారు, ఎందుకంటే డక్ హంట్ అనే పాత గేమ్‌లో తెర మీదకి గురిపెట్టే తుపాకీ మామూలుగా ఇప్పటి టీవీల మీద పనిచేయదు.

ఈమధ్య ఒక సెకండ్ హ్యాండ్ కార్ట్రిడ్జ్ కొన్నాను. లేబుల్ చిరిగింది, వెనకాల పెన్నుతో ఎవరిదో పిల్లల చేతిరాతలో పేరు ఉంది. గ్రేడింగ్‌కి పంపితే దానికి విలువే ఉండదు. ఆన్ చేస్తే ఆ పిల్లలెవరిదో సేవ్ ఇంకా బతికే ఉంది, చివరి కోట గుమ్మం ముందు ఆగిపోయి. ఈసారి తొందరపడలేదు. ముందు ఆ సేవ్‌ని కంప్యూటర్‌లోకి తీసుకుని, బ్యాటరీ మార్చి, మళ్లీ కార్ట్రిడ్జ్‌లోకి ఎక్కించాను. నా ఆట ఆ సేవ్ పక్కనున్న రెండో ఖాళీలో మొదలుపెట్టాను.