సవరణ: డీజిల్ కారులో ఆయిల్ నల్లగా ఉంటే

పాత చిన్న డీజిల్ కారు కొనేవాళ్ల కోసం రాసిన పోస్టులో, డిప్‌స్టిక్ (ఇంజిన్‌లో ఆయిల్ ఎంత ఉందో చూసే గీతల కడ్డీ) మీద ఆయిల్ నల్లగా కనిపిస్తే ఇంజిన్ అరిగిపోయినట్టే, ఆ బండి వదిలేయండి అన్నాను. అది తప్పు. డీజిల్ మండినప్పుడు పుట్టే మసి ఆయిల్‌లో చేరుతుంది. దాన్ని గడ్డకట్టనివ్వకుండా తనలో పట్టి ఉంచడం ఆయిల్ పనే. అందుకే కొత్తగా పోసిన ఆయిల్ కూడా త్వరగానే నల్లబడుతుంది. ఆయిల్ తయారీదారులు ఇచ్చే సమాచారంలో ఇదే ఉంది, డీజిల్ ఇంజిన్లు విప్పే మెకానిక్‌లూ ఇదే చెప్పారు.

చూడాల్సింది వేరే. ఆయిల్ డిప్‌స్టిక్ పై గీత దాటి, డీజిల్ వాసన కొడుతుంటే ఇంధనం అందులోకి దిగుతోందేమో అనుమానించాలి. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న కారు ఎప్పుడూ దగ్గర దూరాలే తిరిగితే, ఫిల్టర్‌లోని మసిని కాల్చే పని మధ్యలో ఆగిపోయి ఇలా అవుతుంది. ఆయిల్ పాల కాఫీ రంగులో ఉంటే కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) కలిసి ఉండొచ్చు, భయపడాల్సింది దానికే. పొగ చూడటానికి ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. ముందే వేడి చేసి ఉంచితే ఇంకోసారి వస్తామని చెప్పండి. నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఆయిల్ మండుతున్నట్టు.

నలుపు ఒక్కటే చూసి వదిలేసిన కారు ఉంటే, సర్వీస్ రికార్డు అడిగి మళ్లీ చూడండి.