చూపు లేని పిల్లలకు సైన్స్ వద్దనే వారికి జవాబు

పదో తరగతి ఫలితాలు వచ్చే వేళకు ఒక సలహా వాట్సాప్‌లో తిరగడం మొదలవుతుంది: "చూపు లేని పిల్లలను సైన్స్ గ్రూపులో చేర్చి బాధపెట్టకండి. పరిశీలనకు కళ్లు కావాలి. ల్యాబ్‌లో ప్రమాదం. కాలేజీకి ఖర్చు. వారి కోసం ప్రమాణాలు తగ్గించాలి." పైకి దయగా వినిపించే ఈ సలహా పదిహేనేళ్ల పిల్లల ముందున్న దారిని మూసేస్తోంది. అందుకే ఒక్కొక్క మాటనూ పట్టి చూడాలి.

పరిశీలనకు కళ్లు కావాలన్నది మొదటిది. సముద్ర నత్తల గుల్లలపై పరిశోధించిన శాస్త్రవేత్త గీరట్ వర్మే మూడేళ్ల వయసులో చూపు పోగొట్టుకున్నారు. పీహెచ్‌డీ కోసం యేల్ విశ్వవిద్యాలయానికి వెళ్లినప్పుడు అక్కడి ఆచార్యుడికీ ఇదే అనుమానం వచ్చింది. మ్యూజియంలోకి తీసుకెళ్లి గవ్వలు చేతికిచ్చి, ఇవేమిటని అడిగారు. వర్మే తడిమి చూసి పేర్లు చెప్పారు, అనుమానం తీరిపోయింది. ఆ తర్వాత ఆయన చేసిన పని ఇంకా గొప్పది. పీతలు విరగ్గొట్టిన చోట నత్త మళ్లీ అతుకు వేసుకున్న మచ్చలను, గుల్ల మందాన్ని, ఇరుకైన నోటిని వేళ్లతో చదివి, వేటాడే జీవులకూ నత్తలకూ మధ్య కోట్ల ఏళ్లుగా సాగిన పోటీని వివరించారు. 1992లో, అసాధారణ ప్రతిభకు అమెరికాలో ఇచ్చే మెకార్థర్ ఫెలోషిప్ అందుకున్నారు. ఖగోళశాస్త్రంలోనూ అంతే. రేడియో తరంగాలు, ఎక్స్ కిరణాలు ఎవరి కంటికీ కనిపించవు. అంకెలుగా వచ్చిన సమాచారాన్ని గ్రాఫుగా మార్చి చూస్తారు. ప్యూర్టోరికోకు చెందిన ఖగోళ శాస్త్రవేత్త వాండా డియాజ్ మెర్సెడ్ చూపు పోయాక ఆ అంకెలనే ధ్వనిగా మార్చి వింటూ పరిశోధన సాగించారు.

ఇక ల్యాబ్ ప్రమాదం. యాసిడ్ చూపున్న వారి చేతినీ కాలుస్తుంది, అందుకే జాగ్రత్తలు అందరికీ ఉన్నాయి. సీసాలకు బ్రెయిలీ పేర్లు, తూకాన్ని పలికే త్రాసు, కొలత తెలిసేలా గాట్లు పెట్టిన సిరంజి, టైట్రేషన్‌లో (ఒక ద్రావణంలో మరోదాన్ని చుక్కచుక్కగా కలిపి కొలిచే ప్రయోగంలో) రంగు మారగానే స్వరం మార్చి వినిపించే కాంతి సెన్సర్ ఇప్పటికే ఉన్నాయి. ఏదైనా పనికి సహాయకుడు అవసరమైతే, చెప్పినట్టు చేయడమే అతని పని; ఏం చేయాలో, ఫలితానికి అర్థమేమిటో తేల్చేది విద్యార్థే. సీనియర్ శాస్త్రవేత్తల్లో ఎందరు తమ ప్రయోగాలన్నీ స్వయంగా చేస్తున్నారు?

ఖర్చు మాట త్వరగా తేలిపోతుంది. కంప్యూటర్ తెరపై అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ 2006 నుంచి ఉచితంగా దొరుకుతోంది. సమీకరణాలను ఫొటోగా కాకుండా అలాంటి సాఫ్ట్‌వేర్ చదవగలిగే ఫైలుగా ఇస్తే చాలు, చాలా ఇబ్బంది తొలగుతుంది. దానికి కావలసింది అధ్యాపకుడి శ్రద్ధ.

ప్రమాణాలు తగ్గుతాయన్న మాట నాకు అన్నిటికంటే బాధ కలిగిస్తుంది. అదనపు సమయం ఇచ్చినంత మాత్రాన ప్రశ్నలు తేలికైపోవు. మచిలీపట్నం ప్రాంతంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్నా, అంధుడన్న కారణంతో సైన్స్ గ్రూపు ఇవ్వలేదు. కోర్టుకు వెళ్లి సీటు సాధించి 98 శాతం మార్కులతో పాసయ్యారు, తర్వాత అమెరికాలోని ప్రసిద్ధ సాంకేతిక విశ్వవిద్యాలయం ఎంఐటీలో చదివారు. తగ్గాల్సి వచ్చింది నిబంధనే. కోర్టు మెట్లెక్కే వీలు లేక ఆశ వదులుకున్న పిల్లలు ఎందరో ఆలోచించండి.

చట్టం కూడా ఈ సలహాకు వ్యతిరేకంగానే ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం సహేతుకమైన సదుపాయం, అంటే వారి అవసరానికి తగిన మార్పు, నిరాకరించడమే వివక్ష. వైద్యవిద్య విషయంలో 2024లో సుప్రీంకోర్టు మరింత స్పష్టంగా చెప్పింది: వైకల్యం శాతం చూసి మాత్రమే అనర్హులని తేల్చకూడదు, ఆ అభ్యర్థి చదువు కొనసాగించగలరా లేదా అన్నది పరీక్షించాలి.

కాబట్టి మీ పిల్లలకు ఎంపీసీ గానీ బైపీసీ గానీ ఇవ్వడం కుదరదని కాలేజీ చెబితే, ఆ కారణాన్ని రాతపూర్వకంగా అడగండి. ఆ కాగితంతో రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు.