పావు సీలింగ్ డ్రాయింగ్ గారికి, మిగతా ముప్పావు సంగతి

మహారాజశ్రీ సీలింగ్ డిజైన్ గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

ఇవాళ మధ్యాహ్నమంతా తమ సేవలోనే గడిచిపోయింది. 19వ శతాబ్దపు ప్యారిస్ ఇళ్ల పైకప్పులు ఎలా ఉండేవో చూద్దామని ఆన్‌లైన్‌లో వెతికితే మీరు, మీ అన్నదమ్ములు, అంటే కప్పుకి రంగులు వేసే ముందు కాగితం మీద గీసిన నమూనాలు, వరసపెట్టి దిగారు. దాదాపు అందరికీ ఒకటే పేరు, 'సీలింగ్ డిజైన్'. ఎవరింటిది? హాలుకా, పడకగదికా? చెప్పరు. సరే, పెద్దవాళ్లు, ఏవో పనులుంటాయి.

పావు భాగమే గీసి మిగతాది మా ఊహకి వదిలేసినా సర్దుకుంటాను. నాలుగు మూలలూ ఒకేలా ఉండే కప్పుకి కాగితం మీద మొత్తం రంగులు వేయడం దండగే. మధ్యగీత దగ్గర ఆ బొద్దు బాబు కాలు మోకాలితో ఆగిపోయినా ఏమీ అనుకోను. బయట ముసురు పట్టే ఊళ్లో ఇంటి లోపల నీలాకాశం, గులాబీ మబ్బులు ఎందుకండీ అని కూడా అడగను.

కానీ ఆ అంచులు! ఎడమ పక్క బంగారు రంగు ఆకుల పట్టీ, కుడి పక్క బూడిద రంగు పూలదండలు. ఏది కావాలో ఇంటాయన తేల్చుకోవాలని రెండూ ఒకే కాగితం మీద చూపించారు, అర్థమైంది. మరి తేల్చుకున్నాడా? ఆవిడ ఒకటంటే ఆయన ఇంకొకటంటే చివరికి ఎవరి మాట నెగ్గింది? అసలు పని మొదలైందా, రేటు వినగానే తెల్లసున్నం కొట్టించి ఊరుకున్నారా? జూమ్ చేసి చేసి చూస్తే కాగితం మీద మరకలు కనిపించాయి గానీ జవాబు మాత్రం లేదు. అప్పట్లో ఇలాంటి నమూనాలు గీసిన లాషేజ్, గుర్దే లాంటివాళ్లని నేనేమీ అనను, పని చేయించుకునేవాళ్లు పూటకో మాట మారిస్తే వాళ్లు మాత్రం ఏం చేస్తారు పాపం.

నీ విలువ తెలియక కాదు. ప్యారిస్ నగర భవనంలో చిత్రకారులు డెలాక్రువా, ఆంగ్ర్ బొమ్మలు వేసిన కప్పులు 1871 మేలో, ప్యారిస్ కమ్యూన్ అనే తిరుగుబాటు చివరి రోజుల మంటల్లో బూడిదైపోయాయి. అవెలా ఉండేవో ఇవాళ కాస్తయినా తెలుస్తోందంటే ముందుగా వేసుకున్న చిన్న నమూనాల పుణ్యమే. 1875లో తెరిచిన ప్యారిస్ గార్నియే ఒపెరా థియేటర్లో చిత్రకారుడు లెనెప్వో వేసిన కప్పు ఇంకా అక్కడే ఉంది, కాకపోతే 1964 నుంచి దానికి షగాల్ అనే మరో చిత్రకారుడి బొమ్మ అడ్డం, చూడాలంటే ఓర్సే మ్యూజియంలోని నమూనాయే గతి. కప్పులు పోయినా మిగిలేది మీరేనని తెలిసి కూడా, వెనక్కి తిప్పి 'ఫలానా వీధి, ఫలానా వారి హాలు, ఎడమ అంచు ఖాయం' అని ఒక్క ముక్క రాయించుకోవడానికి నీకేం రోగం? పెన్సిల్ అక్కడే ఏడ్చింది కదా!