కోతిపిల్లకి ఉన్న శ్రద్ధ మన పెద్దమనుషులకి లేదు

ఇప్పుడే మా వంటింట్లోంచి బ్రెడ్ ప్యాకెట్ ఎత్తుకుపోయింది కోతి. పోతే పోయింది, మా వీధిలో ఎవరింట్లో పోలేదు గనక! గడియ తీసి, కిటికీ తలుపు పక్కకి లాగి, ఇంటి మనిషిలా తీరిగ్గా వచ్చింది. గోడ మీద కూర్చున్న పిల్లకోతి ఇదంతా కళ్లార్పకుండా చూస్తోంది. నాకు ఒళ్లు మండింది అక్కడే.

అపార్ట్‌మెంట్ గ్రూపులో పెడితే ప్రెసిడెంట్ గారి జవాబు: "ఒక్క కోతే కదమ్మా, పట్టించి అడవిలో వదిలేయిద్దాం." అయ్యా, దాన్ని శ్రీశైలం అడవుల్లో దింపొచ్చినా, అది చెప్పిన పాఠం ఇక్కడే ఉంటుంది. రేపు ఆ పిల్ల తీస్తుంది గడియ.

జపాన్‌లో కోషిమా అని చిన్న దీవి ఉంది. పరిశోధకులు అక్కడి కోతులకి ఇసుకలో చిలగడదుంపలు వేసేవారు. 1953లో ఇమో అనే ఏడాదిన్నర ఆడ కోతిపిల్ల దుంపని నీళ్లలో కడుక్కుని తినడం మొదలుపెట్టింది. దాన్ని చూసి తోటి పిల్లలు, తర్వాత తల్లులు. పదేళ్లు తిరక్కుండా గుంపులో చాలా కోతులు కడిగే తింటున్నాయి. ఇసుకలో కలిసిన గోధుమల్ని నీళ్లలో వేస్తే ఇసుక మునిగి గింజలు తేలతాయని కనిపెట్టింది కూడా ఆ ఇమోనే. మా ఇంట్లో బియ్యం కడగడం రాని ఇంజినీర్లున్నారు, అది వేరే పోస్టు.

మరి నేర్చుకోనిది ఎవరో తెలుసా? చాలావరకు వయసు మీరిన మగకోతులు! నేనెవర్నీ అనట్లేదు. తగలాల్సిన వాళ్లకి తగులుతుంది.

బాలిలో ఉలువాటు గుడి కోతులైతే ఏకంగా వ్యాపారమే పెట్టాయి. యాత్రికుల కళ్లజోళ్లు, ఫోన్లు లాక్కుంటాయి, తిండి పెడితేనే తిరిగిస్తాయి. ఏ వస్తువుకి బేరం బాగా పలుకుతుందో పిల్లలకంటే పెద్దవాటికి బాగా తెలుసు. పెట్టుబడి ఎవరిది? మనుషులదే. మన మంగళవారం అరటిపళ్ల భక్తులు తక్కువా? గుడి ముందు కారాపి, నాలుగు పళ్లు విసిరి, సెల్ఫీ దిగి వెళ్లిపోతారు. పుణ్యం వాళ్లకి, కోతులు మాకు.

అసలు అవి మా బ్లాకుకే ఎందుకొస్తాయి? మూత లేని చెత్తడబ్బా కోసం! తడి చెత్త, పొడి చెత్త వేరు చేద్దామని మీటింగులో అంటే నవ్వారు. "ఇలాంటివి లేడీస్ చూసుకోవాలండీ" అన్నారు. డైపర్లు, బిర్యానీ ఎముకలు ఒకే కవర్లో కట్టి పడేసేది మాత్రం ఈ మహానుభావులే. తిట్లు తినేది ఊడ్చే అమ్మాయి.

సిడ్నీలో కాకటూలు అనే తెల్ల చిలకలు ఒకదాన్ని చూసి ఒకటి చెత్తడబ్బా మూతలు ఎత్తడం నేర్చుకున్నాయి. అక్కడి జనమూ పక్కింటివాళ్లని చూసి మూతల మీద ఇటుకలు పెట్టడం నేర్చుకున్నారు. మాకు మూతే లేదు, ఇటుక ఎవరి నెత్తిన పెట్టాలి?

మూత కొనడానికి ఫండ్స్ లేవట. గేటు మీద కమిటీ పేర్లతో ఎల్ఈడీ బోర్డుకి మాత్రం ఉన్నాయి. ఈ నెల మెయింటెనెన్స్ అడగడానికి ఎవరొస్తారో రండి. ముందు ఆ బోర్డు బిల్లు చూపించండి.