చిన్న బ్యాగు బాధలు

ఈ చిన్న హ్యాండ్‌బ్యాగులు కుట్టేవాళ్లు ఈ కాలం ఫోన్లు అసలు చూశారా అని నా డౌటు. 6.7 అంగుళాల ఫోను నిలువుగా పెడితే జిప్పు పడదు, అడ్డంగా పెడితే పర్సుకి చోటుండదు. పెద్ద బ్యాగు మోసీ మోసీ కుడి భుజం పడిపోయి దీనికి మారితే, ఇదో కొత్త తలనొప్పి.

ఆర్టీసీ బస్సులో చూడాలి నా అవస్థ. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపిస్తేనే కదా ఆడవాళ్లకి జీరో టికెట్టు! ఒక చేత్తో రాడ్డు పట్టుకుని, రెండో చేత్తో తాళాలు, ఇయర్‌ఫోన్లు, బొట్టుబిళ్లల అట్ట పైకి తీస్తే గానీ అడుగున కార్డు దొరకదు. ఈలోపు కండక్టరమ్మ "తొందరగా తియ్యమ్మా" అంటుంది. పాత బ్యాగులో కార్డుకి సొంత అర ఉండేది. (అదే అరలో ఎవరి పెళ్లిలోనో ఇచ్చిన వక్కపొడి పొట్లం కూడా ఉండేదనుకోండి.)

ఇంట్లోవాళ్లకైతే బ్యాగు చిన్నదైన కబురే చేరలేదు. ఎక్కడికి బయల్దేరినా మా ఆయన "ఇది కాస్త నీ బ్యాగులో పడెయ్" అంటూ కళ్లజోడు డబ్బా అందిస్తారు. ప్యాంటుకి నాలుగు జేబులున్న మనిషి! నా చుడీదార్‌కి ఒక్కటీ లేదు. పాప సగం తాగిన జ్యూసు డబ్బా ఇస్తుంది, స్ట్రాతో సహా.

ఇప్పుడేమైందంటే, భుజానికి ముద్దుగా చిన్న బ్యాగు, చేతిలో గొడుగూ నీళ్ల సీసా టిఫిన్ డబ్బా కుక్కిన బట్టల షాపు సంచి. నొప్పి కుడి భుజం నుంచి ఎడమ చేతికి మారింది, అంతే!