సవరణ: ఆయన బతికే ఉన్నారు

నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబరు జాతీయ రహదారిపై బైకును లారీ ఢీకొట్టిందని, బైకు నడుపుతున్న వ్యక్తి అక్కడికక్కడే చనిపోయాడని నిన్న రాత్రి 7:40కి పోస్టు పెట్టాను. అది తప్పు. ఆయన బతికే ఉన్నారు. కాలు విరిగింది, ఆపరేషన్ అయింది, మాట్లాడుతున్నారు.

108లో ఎక్కించేటప్పుడు కదలిక లేదని అక్కడున్న ఒకాయన అన్నాడు. వాట్సాప్ గ్రూపులో అప్పటికే 'స్పాట్ డెడ్' అని వచ్చేసింది. స్టేషన్‌కు ఫోన్ చేస్తే బిజీ వచ్చింది. ఇంకా ఆగితే వేరేవాళ్లు ముందు ఇచ్చేస్తారన్న టెన్షన్‌లో పెట్టేశాను. ఎస్సై గానీ డ్యూటీ డాక్టర్ గానీ చెప్పకుండా మరణం రాయకూడదు. పదకొండేళ్లుగా రాస్తున్నాను, ఇది నాకు తెలియనిది కాదు.

ఆయన భార్యకు ప్రమాదం సంగతి తెలిసిందే నా పోస్టుతో. ఇవాళ పొద్దున ఆసుపత్రి వరండాలో కలిసి క్షమించమని అడిగాను. ఫోన్ తీసి ఆ పోస్టు చూపించింది. "బస్సు దిగేదాంక పుస్తెలు పట్టుకొనే కూసున్న సారూ" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఇంకో తప్పు కూడా ఉంది. బైకు వెనక కూర్చున్న పాప ఫొటో, చదివే బడి పేరు ఇచ్చాను. నేరాల్లో బాధితులైన పిల్లల వివరాలు బయటపెట్టకూడదని 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. ఆ రెండూ తీసేశాను. పాత పోస్టులో మొదటి వాక్యంగానే ఈ సవరణ పెట్టాను.

పాతది ఫార్వర్డ్ చేసినవాళ్లు దయచేసి అదే గ్రూపులో దీన్ని పెట్టండి. పాప ఫొటో ఉన్న స్క్రీన్‌షాట్ మీ ఫోన్లో ఉంటే తీసేయండి.