శాన్ క్లెమెంటే కింద ఉన్నది కూల్చిన గుడి కాదు

"రోమ్‌లో పాత చర్చిలన్నీ గుళ్లు కూల్చి వాటి నెత్తిన కట్టినవే. నమ్మకపోతే శాన్ క్లెమెంటే కిందికి దిగి చూడండి." వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో ఈ మాట తెగ తిరుగుతోంది. శాన్ క్లెమెంటే రోమ్‌లోని ఓ పాత చర్చి. గుళ్లంటే క్రైస్తవం రాకముందు అక్కడివాళ్లు కొలిచిన దేవుళ్ల గుళ్లు. సరే, దిగే చూద్దాం.

"చర్చి కింద గుడి ఉంది" అంటారు. ఇప్పుడు పైన కనిపించే చర్చి 1100 ప్రాంతంలో కట్టింది. 1857లో ఐర్లాండ్‌కు చెందిన ఫాదర్ జోసెఫ్ ముల్లూలీ తవ్వకం మొదలుపెడితే ముందు బయటపడింది గుడి కాదు, నాలుగో శతాబ్దపు మరో చర్చి. దాని కింద ఒకటో శతాబ్దపు కట్టడాలు రెండు, వాటి మధ్య ఇరుకు సందు. ఒకటి రాతి దిమ్మెల గోడలున్న పెద్ద భవనం. అది గోదామో, టంకశాలో పండితులు ఇంకా తేల్చలేదు. రెండోది ఇటుకల ఇల్లు. రోమన్లు కొలిచిన మిత్ర (మిత్రాస్) అనే దేవుడి పూజాస్థలం ఆ ఇంట్లోని ఒక గది మాత్రమే. వీధిలోకి కనిపించే గుడి అక్కడ లేనేలేదు.

"దాన్ని కూల్చే కట్టారు" అన్నది అసలు ఆరోపణ. నాలుగో శతాబ్దపు చర్చి ప్రధాన భాగం నిలిచింది సందుకు ఇవతల ఉన్న పెద్ద భవనం మీద. కింది గదుల్లో మట్టి నింపి, పాత గోడలనే పునాదులుగా వాడుకున్నారు. సందు దాటి మిత్ర గది వైపు వెళ్లింది చర్చి చివరి అర్ధవృత్తాకార భాగం ఒక్కటే. ఆ గదిలో భక్తులు కలిసి భోంచేసిన అరుగులు, పైన కమాను కప్పు ఇప్పటికీ ఉన్నాయి. కూల్చిన గదికి కప్పు మిగులుతుందా? ఊటనీరు నిండిపోవడంతో, 1912-14లో సొరంగం తవ్వి ఆ నీటిని రోమన్ల నాటి మురుగు కాలువలోకి మళ్లించాకే దాన్ని పూర్తిగా చూడగలిగారు.

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది ఇంకొకటి. 1100 ప్రాంతంలో క్రైస్తవులు తమ సొంత పాత చర్చిని కూడా ఇలాగే మట్టితో నింపి, పైన కొత్తది కట్టుకున్నారు. మరి దాన్నేమందాం?

"రోమ్ అంతటా ఇదే కథ" అన్నదీ తప్పే. ఆ నగరంలో మొదటిసారి ఒక గుడి చర్చి అయింది 609లో. అదే పాంథియన్ అనే పాత రోమన్ గుడి. దాన్నీ కూల్చలేదు, ఇప్పటికీ నిలబడే ఉంది. వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ చర్చి కింద 1940లలో తవ్వితే దొరికింది గుడి కాదు, శ్మశానం.

విధ్వంసం జరగనే లేదని నేననను. రోమ్‌లోనే శాంతా ప్రిస్కా చర్చి కింద ఉన్న మిత్ర గదిలో గోడ బొమ్మల మీద గొడ్డలి దెబ్బలున్నాయి. ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో సెరాపిస్ అనే దేవుడి గుడిని నేలమట్టం చేశారు. గాజాలో మార్నాస్ అనే దేవుడి గుడిని 402లో పడగొట్టి, అదే చోట చర్చి కట్టారు. ఈ మూడు చెప్పి వాదిస్తే నేను ఒప్పుకుంటాను. వీటిని వదిలేసి శాన్ క్లెమెంటేను సాక్ష్యానికి పిలవడమే తప్పు.

ఇక అవతలి వైపు వాళ్లు పంచుకునేది, "కింద ఉన్నది సాక్షాత్తూ ఒకటో శతాబ్దపు పోప్ క్లెమెంట్ ఇల్లే, క్రైస్తవులు మొదటి నుంచీ అక్కడే చేరేవారు" అని. ఒకటో శతాబ్దంలో అక్కడ క్రైస్తవులు కూడేవారని చూపించే తిరుగులేని ఆధారం ఆ తవ్వకాల్లో దొరకలేదు.